నంది కనుమ దిగేటప్పుడు బండి ఒక్కసారి ఆపండి

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాట్ రోడ్డు మనలో శానామందికి కొత్త కాదు. పెండ్లిండ్లకు పోతాం, దేవుండ్లకు పోతాం, మిరపకాయల బండ్లు గుంటూరు యార్డుకు పోయేది కూడా ఆ దారినే. పోయిన నెలలో గిద్దలూరు అవతల చుట్టాలింట్లో పెండ్లి ఉంటే మేమూ పోయినాం. మలుపు కాడ పిల్లోళ్ళు బండి ఆపి ఫోన్లు తీసి ఫోటోలు, రీళ్ళు. వానలు పడి కొండంతా పచ్చగా ఉండాది, బాగనే ఉంది. నేను ఒకనితో అన్నా, "ఒరే అబ్బీ, ఈ కొండల్లో యుద్ధం జరిగింది, తెలుసా?" అని. వాడు నవ్వి, "అది సైరా సినిమా గదా మామా" అన్నాడు.

వాని తప్పేం లేదు. 2019లో సినిమా వచ్చినాకనే మనోళ్ళు శానామంది ఆ పేరు నోట అన్నారు. కానీ సినిమా తీసినోళ్ళకు సినిమా కావాలి. మనకు ఆ నేల తెలుసు, ఆ వాన తెలుసు, ఆ పొలం తెలుసు. కాబట్టి మన కండ్లతో చూస్తే ఆ కథ ఇంకో రకంగా కనపడుతుంది. అది రాయాలనే ఈ పోస్టు. రొంత పొడుగే అవుతుంది, రాత్రి బువ్వ తిన్నాక తీరిగ్గా చదవండి.

ముందు దారి సంగతి. నంద్యాల దాటి అయ్యలూరు మెట్ట, ఆ తర్వాత గాజులపల్లె. గాజులపల్లె దాకా మన లోకం. వరి మళ్ళు, పసుపు, అరటి, కాలువ నీళ్ళు. గాజులపల్లె దాటినామంటే అడవి మొదలు. టేకు, వెదురు, నల్లమద్ది. రోడ్డు పాములాగా మెలికలు తిరుగుతాది. పచ్చెర్ల, సర్వ నరసింహస్వామి గుడి, ఆ తర్వాత దిగుతా దిగుతా దిగువమెట్ట, ఆడికి అడవి అయిపోయి గిద్దలూరు మైదానం. మొత్తం 60 కిలోమీటర్లు అటూఇటూ. రైలులో పోతే చలమ, బొగద. బొగద దగ్గర కొండను తొలిచి సొరంగం వేసినారు, దొరబావి దగ్గర లోయ మీద వంతెన కట్టినారు. అవన్నీ 1880ల నాటి పనులు. మన కథ అంతకంటే ముందరిది. అప్పుడు రైలు లేదు, తారు రోడ్డు లేదు. కనుమ ఒక్కటే ఉంది.

కనుమ అంటే మనకు తెలుసు గదా, కొండ గట్టులో గండి. నల్లమల ఉత్తరాన కృష్ణ నుంచి దక్షిణాన పెన్న దాకా అడ్డంగా వేసిన గట్టు లాంటిది. ఆ గట్టుకు పడమర నంద్యాల, కోయిలకుంట్ల నల్లరేగడి. తూర్పున గిద్దలూరు, కంభం, మార్కాపురం. ఎద్దుల బండి కట్టుకోని ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే పాతకాలంలో పేరున్న దారులు రెండే. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయేది మంత్రాలమ్మ కనుమ. నంద్యాల నుంచి కంభం దిక్కు పోయేది నంది కనుమ. మనం ఇప్పుడు కార్లల్లో పోతాండేది ఆ రెండో దిక్కునే. మిగతావన్నీ కాలిబాటలు, చెంచులకు, గొర్రెల కాపర్లకు, దొంగలకు, పాలెగాండ్లకు తెలిసినవి. మన చేలల్లో అయినా అంతే గదా, గట్టుకు గండి యాడుందో తెలిసినోనిదే నీళ్ళ మీద పెత్తనం.

ఇంక కథకొస్తా.

1800లో నిజాం నవాబు మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు. తన దేశంలో పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకు జమ అని. మన నేలను, మన తాతల తాతలను కలిపి రాసిచ్చినాడన్నమాట. అందుకే శానాకాలం మనల్ని దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు పెట్టింది 1928లో, అదీ నంద్యాల సభలోనే. కంపెనీ తరఫున పెద్ద కలెక్టరుగా వచ్చినోడు థామస్ మన్రో. ఆయన వచ్చేనాటికి ఈ జిల్లాల్లో 80 మంది పాలెగాండ్లు, వాళ్ళ కింద 30,000 మంది దాకా ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని లెక్క. మన్రో ఏడేండ్లల్లో ఆ పాలెగాండ్ల పని పట్టినాడు. కొందరిని తరిమినాడు, కొందరికి కోటలు పడగొట్టి నెలకింత అని భరణం పెట్టినాడు. 1801లో తెర్నేకల్లు వాళ్ళు పన్ను దగ్గర తిరగబడితే కంపెనీ దండు ఫిరంగులతో ఆ ఊరి మీదికి పోయింది. దేవనకొండ దిక్కు మిత్రులుంటే ఆ కథ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

మన్రో గురించి మన పెద్దోళ్ళు మంచే చెప్పేవాళ్ళు. పిల్లోళ్ళకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటారు. ఆయన పొలం పొలం కొలిపించి, రైతు పేరు మీదనే పట్టా, రైతు చేతనే శిస్తు అన్నాడు. మధ్యలో జమీందారు లేడు. అది మేలే. కానీ శిస్తు యాడ పెట్టినారో చూడండి. పంటలో సగానికి దగ్గర దగ్గర. అది భారమని మన్రోనే 1807లో పోతా పోతా పాతిక వంతు తగ్గించమని రాసినాడు, పైవాళ్ళు వినలేదు. తర్వాత ఆయనే మద్రాసు గవర్నరై వచ్చినాక గానీ తగ్గలేదు. 1827లో మన పత్తికొండలోనే కలరా తగిలి చచ్చిపోయినాడు.

ఇప్పుడు అసలు మాట. పాలెగాండ్ల కింద ఉన్న ఆ 30,000 మంది ఏమైనారు? ఈ ప్రశ్న నేను ఏ సినిమాలోనూ వినలేదు.

వాళ్ళల్లో శానామంది మనట్ల సేద్యగాండ్లే. బోయలు, వడ్డెరలు, ఇంకా ఎన్నో కులాలోళ్ళు. ఊరి కావలి కాసేవాళ్ళు, దొంగలను పట్టేవాళ్ళు, దండు పిలుస్తే కత్తి పట్టుకోని పోయేవాళ్ళు. దానికి జీతం డబ్బు రూపంలో లేదు. కొంత పొలం ఇచ్చేవాళ్ళు, దాని మీద నిండా శిస్తు కాకుండా కొద్దిగా ఏదో కట్టాల. అట్ల కట్టేదాన్ని కట్టుబడి అంటారు, ఆ మనుషులను కట్టుబడులు అన్నారు, ఆ పొలాన్ని కట్టుబడి మాన్యం అన్నారు. తాత చేసిండు, నాయన చేసిండు, కొడుకు చేస్తాడు. పొలం కూడా అట్లనే చేతులు మారుతా వచ్చింది. పట్టా కాగితం అనేది వాళ్ళు చూసి ఎరగరు. పని ఉంది, పొలం ఉంది, అంతే.

కంపెనీ ఏం చేసింది? పాలెగాడు పోయినాడు గదా, నీతో పనేముంది, నీకు మాన్యం ఎందుకు అన్నది. అందరిదీ ఒకేసారి లాక్కుంటే గొడవ అవుతుందని, పట్టినోడు చచ్చిపోతే ఆ పొలం సర్కారుకు కలుపుకునే పద్ధతి పెట్టింది. అంటే ముసలాయన పాడె లేచేదాకా పొలం ఇంటిది, లేచిన మరుదినం సర్కారుది. 1846 నాటికి కోయిలకుంట్ల తాలూకాలో ఈ పని జరుగుతా ఉంది. నాయన దినాలు చేసుకుంటా ఉంటే కరణం వచ్చి, సేను మీది కాదని చెప్పిపోతే ఆ ఇంట్లో ఎట్ల ఉంటాదో ఊహ చేసుకోండి. చుక్కల భూములనీ, నిషేధిత జాబితా అనీ మనం రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్ళమే గదా, ఎక్కువ ఊహ అక్కరలేదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ గుంపుకు నాయకుడైనాడు. ఆయన పాలెగాండ్ల ఇంటి బిడ్డ. రూపనగుడిలో పుట్టినాడు. తల్లి తండ్రి నొస్సం పాలెగాడు చెంచుమల్ల జయరామిరెడ్డి. పాలెం పోయింది, భరణం మిగిలింది. ఆ భరణం కూడా అన్నదమ్ముల మధ్య పంచుకుంటా పంచుకుంటా వచ్చి నరసింహారెడ్డి వాటాకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు మిగిలింది. మనకు తెల్వదా ఈ లెక్క? తాతకు నూరెకరాలు, నాయనకు ముప్పై, మనకు ఎనిమిది. జయరామిరెడ్డి చచ్చిపోయినాక ఆయన భరణంలో పైసా కూడా వీళ్ళకు ఇయ్యమన్నారు. తన భరణం కోసం కోయిలకుంట్ల కచేరీకి మనిషిని పంపితే తాసిల్దారు అవమానం చేసినాడని జనం చెప్పుకునే కథ.

ఈడ కొందరు చదువుకున్నోళ్ళు అంటారు, "ఆయన పింఛను కోసం తిరగబడినాడు, దాన్ని స్వాతంత్ర్య పోరాటం అంటారేంది?" అని. ఇంకొందరు దానికి ఉల్టా, 1857 కంటే పదేండ్ల ముందే దేశం కోసం కత్తి ఎత్తినాడు, ఆయనే మొదటోడు అంటారు. నాకు ఈ రెండు వాదాలూ రుచించవు. మొదటోడు ఎవరనేది తిరునాళ్ళల్లో గుండు ఎత్తే పందెం కాదు. తెర్నేకల్లు వాళ్ళు 45 ఏండ్ల ముందే తిరగబడినారు గదా. ఇంక పింఛను మాట అంటారా, నెలకు పదకొండు రూపాయల కోసం ఒక్కడు కోపం చేసుకోవచ్చు, ఆయన వెంట వందల మంది ఎందుకు పోతారు? వాళ్ళకు పింఛను లేదు. వాళ్ళకు పోయింది పొలం. నాయకుని కోపం, జనం కడుపుమంట ఒకే ఏడాది కలిసినాయి. అంతే నాకు అర్థమైంది.

1846 జూలై 10 రాత్రి. దాదాపు 500 మంది కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. ప్రాణాలు పోయినాయి. ఖజానాలో దొరికింది 805 రూపాయల 10 అణాల 4 పైసలు. ఆ లెక్క పైసలతో సహా కంపెనీ రాసి పెట్టుకుంది. నేను ఊరికే కూర్చోని లెక్క వేసినా. నరసింహారెడ్డి నెల భరణంతో భాగిస్తే 69 నెలలు వస్తుంది. ఒక తాలూకా ఖజానాలో ఆ రాత్రి ఉన్నది ఒక్క మనిషికి ఆరేండ్ల భరణం కూడా కాదు. 500 మందికి పంచితే మనిషికి రూపాయిన్నర. డబ్బు కోసమే అయితే ఇంతమంది తల పణంగా పెట్టేవాళ్ళు కాదు.

ఇప్పుడు తారీకు చూడండి. జూలై 10 అంటే పునర్వసు కార్తె. కొర్ర, ఆరిక, పత్తి వేసే కాలం. నల్లరేగడిలో ఒక్క పదును తప్పిపోతే ఏమైతుందో మనకు చెప్పాల్నా? ఆ పదునులో గొర్రు వదిలిపెట్టి కత్తి పట్టుకున్నారంటే, వేసుకోను సేను లేనోళ్ళయినా అయి ఉండాల, ఈసారి వేసినా కోసేది మేం కాదు అనే గట్టి భయం ఉన్నోళ్ళయినా అయి ఉండాల. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా ఊహ. సేద్యం చేసేటోడు తారీకు చూస్తే ముందు కార్తె గుర్తొస్తుంది.

ఇంకొకటి కూడా. 1846 ఉగాదితో మొదలైంది పరాభవ నామ సంవత్సరం. మొదటి దెబ్బ నుంచి చివరి రోజు దాకా ఈ కథ అంతా ఆ ఒక్క ఏడాదిలోనే నడిచింది. అరవై ఏండ్లకొకసారి వచ్చే పేరు, 2026 ఉగాదికి మళ్ళీ అదే. మూడు ఆవృతాలు తిరిగి వచ్చిందన్నమాట.

కోయిలకుంట్ల తర్వాత దువ్వూరు ఖజానా మీదికి పోయినారు. ఆడి నుంచి అహోబిలం, రుద్రవరం దిక్కు, అంటే నల్లమల అంచుకు. కంపెనీ తరఫున కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ దండు తీసుకోని వెంటపడినారు. ఈ తిరుగుబాటుదారులు కొండ ఎక్కి ఆ పక్క దిగినారు. జూలై 23న గిద్దలూరు దగ్గర వాట్సన్ దండుతో పోరు. వాట్సన్ ఓడినాడని మన చరిత్రలు రాస్తాయి. మొదటి దెబ్బ నుంచి లెక్క వేస్తే 13 రోజులు. పుష్యమి కార్తె ముసురులో, వాగులు పొంగే కాలంలో, 500 మందికి తిండి చూసుకుంటా, గుడ్డలు తడుపుకుంటా, నల్లమల ఈ పక్క నుంచి ఆ పక్కకు. మనం ఏసీ వేసుకోని గంటన్నరలో దాటుతాం.

అందుకే బండి ఆపమంటా. పచ్చెర్ల దాటినాక దిగుడు మలుపుల్లో యాడన్నా చోటు చూసి, లారీలకు అడ్డం లేకుండా ఆపండి. దిగి ఆ లోయ దిక్కు చూడండి. వెదురు పొదలో పదడుగుల అవతల మనిషి ఉంటే కనపడడు. పలికితే వినపడుతుంది, కనపడడు. సిపాయికి ఎర్రకోటు, బూట్లు, తుపాకీ, మందు, గుండు. వాన పడితే మందు తడుస్తుంది. వాని వెనక తిండి బండ్లు, గుడారాలు, ఫిరంగి ఉంటే దానికి ఎద్దులు. బండ్లు కనుమలోనే రావాల. ఇంకో దారి లేదు. ఈ పక్కోనికి అంబటి ముంత, నడుముకు కత్తి. ఏ వాగులో నీళ్ళు ఉంటాయో తెలుసు, ఏ చెంచు గూడెంలో తేనె, గడ్డలు దొరుకుతాయో తెలుసు. మైదానంలో అయితే కంపెనీ సైన్యం ముందు ఒక పూట నిలబడేవాళ్ళు కాదు. కొండ వాళ్ళను మూడు నెలలు కాపాడింది. అంతకంటే ఎక్కువ కాపాడలేదు, ఎందుకంటే కొండలో దాక్కోవచ్చు గానీ కొండలో జొన్నలు పండవు. పెండ్లాం బిడ్డలు కింద ఊర్లల్లోనే ఉన్నారు. కంపెనీకి ఆ సంగతి తెలుసు, నరసింహారెడ్డి కుటుంబాన్ని పట్టుకోని కడపలో పెట్టింది. ఆయన తలకు 1000 రూపాయల బహుమానం అని చాటింపు వేసింది. ఆయన భరణం లెక్కన అది ఏడేండ్ల సొమ్ము.

కుటుంబం కోసమే ఆయన కొండ దిగి పడమరకు వచ్చినాడని అంటారు. 1846 అక్టోబర్ 6న పేరుసోమల దగ్గర కొండల్లో, జగన్నాథుని గుడి కాడ దొరికినాడు. పేరుసోమల మ్యాపులో చూడండి, సంజామల మండలం. అది నల్లమల కాదు, ఎర్రమల దిక్కు. తాత కోట ఉన్న నొస్సం కూడా ఆ మండలమే. అంటే తన సొంత నేలకు వచ్చి దొరికినాడు. అన్నంలో మత్తు పెట్టినారని, దగ్గరోళ్ళే పట్టించినారని ఊరూరికీ ఒక కథ ఉంది. కడప తాత్కాలిక కలెక్టరు కాక్రేన్ దగ్గరుండి ఈ వేట నడిపినాడు.

మళ్ళీ తారీకు చూడండి. అక్టోబర్ 6, హస్త కార్తె. నల్లరేగడిలో జొన్న వేసే అదును. పునర్వసులో లేచిన 500 మందిలో హస్త నాటికి ఆయన పక్కన ఎందరు మిగిలినారు? దండు చెదిరిపోయింది కంపెనీ తుపాకులకు భయపడి ఒక్కటే అని నేను నమ్మను. అదును వచ్చింది. ఉన్న అర్ధెకరమో ఎకరమో దున్నుకోకపోతే వచ్చే ఏడాది గంజి కూడా లేదు. గొర్రు పిలిస్తే పోయినారేమో. దాన్ని పిరికితనం అనే ధైర్యం నాకు లేదు.

ఆ తర్వాత కేసులు. దాదాపు తొమ్మిది వందల మందిని పట్టుకున్నారు. సగానికి కొంచెం తక్కువ మంది మీద నేరం నిలబడలేదు. కొందరిని జామీను మీద వదిలినారు. నూటికి పైగా మందికి 5 నుంచి 14 ఏండ్ల శిక్షలు పడినాయి. వాళ్ళను అండమాన్ పంపినారని కొందరు రాస్తాంటారు. మనం రొంత చూసి చెప్పుకోవాల, అండమాన్‌లో ఖైదీల బస్తీ మొదలైంది 1858లో, సిపాయిల తిరుగుబాటు అయినాక. 1847లో శిక్ష పడినోన్ని నేరుగా ఆడికి పంపేదానికి వీల్లేదు. మన కథను మనమే తప్పుగా చెప్పుకుంటే రేపు నిజం చెప్పినా ఎవడూ నమ్మడు.

1847 ఫిబ్రవరి 22, సోమవారం పొద్దున. కోయిలకుంట్ల జుర్రేరు ఒడ్డున నరసింహారెడ్డిని ఉరి తీసినారు. కాక్రేన్ ఎదురుగానే ఉన్నాడు. రెండు వేల మంది జనం చూసినారంటారు. జొన్న కంకి ముదిరి, సనగ కుప్పలు వేసే రోజులు. ఆ జనంలో ఎంతమంది సేను నుంచి నేరుగా వచ్చి నిలబడినారో.

ఉరితో వదిలిపెట్టలేదు. తలను కోయిలకుంట్ల కోట బురుజు మీద వేలాడగట్టినారు. ఎప్పటిదాకా? 1877 దాకా. ముప్పై ఏండ్లు. ఆ ఊరి సంతకు పోయే ప్రతి రైతూ, శిస్తు కట్టను కచేరీకి పోయే ప్రతి మనిషీ దాని కిందనే నడిచినాడు. ముప్పై ఏండ్లంటే తాత చూసినాడు, కొడుకు చూసినాడు, మనవడు చూసినాడు. 1877 అంటే ఏందో మన ముసలోళ్ళకు ఎరుకే, ధాత కరువు. 1876లో మొదలై రెండేండ్లు మన సీమను కాల్చిన కరువు. కోట మీద ఆ పుర్రె, కోట కింద ఆకలి చావులు, రెండూ ఒకే కాలంలో ఉన్నాయి.

ఈడ ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అదే ఉయ్యాలవాడ ఊర్లో ఇంకొకాయన ఉన్నాడు, బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో తన గరిసెలు విప్పి, ఉన్నదంతా ఊడ్చి నెలల తరబడి వేలమందికి అంబలి, సంగటి పెట్టినాడు. ఆయనకు విక్టోరియా రాణి పేరు మీద బంగారు పతకం వచ్చింది. ఒకే ఊరు, ఒకే సర్కారు. ఒకనికి ఉరి, ఒకనికి పతకం. ఇద్దరి మీదా పాటలు పుట్టినాయి. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ ఇద్దరి మీదనే రేనాటి సూర్యచంద్రులు అని పుస్తకం రాసినారు. రేనాడు అంటే మన నల్లరేగడి నాడే. జనానికి ఇద్దరూ కావాల్సి వచ్చినారు.

ఇంక పేర్ల సంగతి. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. మంచిదే. ఆయన కుడిభుజం వడ్డె ఓబన్న పేరు ఈ మధ్యనే బయటికొచ్చింది, జనవరి 11న జయంతి చేస్తాన్నారు. గోసాయి వెంకన్న పేరు కథల్లో వస్తుంది. ఆ తర్వాత? మిగతా 497 మంది? జైలుకు పోయిన నూరు మందికి పైన? కంపెనీ ఖజానాలో పోయిన నాలుగు పైసలు కూడా లెక్కలో ఉన్నాయి గానీ, మన నోట్లో వాళ్ళ పేర్లు లేవు.

జిల్లాలు కూడా మారిపోయినాయి, అందుకే ఈ కథ ముక్కలు ముక్కలుగా మిగిలింది. 1846లో కోయిలకుంట్ల కడప జిల్లా. కంభం దిక్కు కూడా కడపే. కర్నూలు పట్నం నవాబు చేతి నుంచి కంపెనీకి పోయి అప్పటికి ఏడేండ్లే. 1858లో కర్నూలు జిల్లా కట్టినప్పుడు కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం కడప నుంచి తెచ్చి కలిపినారు. 1970లో గిద్దలూరు, మార్కాపురం ప్రకాశానికి పోయినాయి. 2022లో కోయిలకుంట్ల నంద్యాల జిల్లాకు వచ్చింది. ఒకప్పుడు ఒకే కలెక్టరు కింద ఉన్న నేల. ఇప్పుడు దువ్వూరోడు అది కర్నూలోళ్ళ కథ అంటాడు, గిద్దలూరోడు అది సీమ కథ అంటాడు, వాళ్ళ ఊరి పక్కనే పోరు జరిగినా.

కార్గిల్ పోయొచ్చిన మా ఊరి మాజీ సైనికుడు ఒకాయన చెప్తాంటాడు. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే కొండ దారిలో ద్రాస్ దగ్గర 1999 యుద్ధం స్మారకం ఉంది, ఆ దారిన పోయే యాత్రికులు దిగి, కొండ శిఖరాల పేర్లు అడిగి తెలుసుకోని, చనిపోయినోళ్ళ పేర్లు చదివి పోతారంట. మన కనుమలో చదివేదానికి పేర్లు లేకపోయినా, చూసేదానికి దారి ఉంది. మీరు ఎప్పుడన్నా ఒక రోజు తీరిక చేసుకోని పోతే నా సలహా ఇది. వానాకాలంలో పోండి, అదే కాలంలో జరిగింది కాబట్టి. పొద్దున్నే కోయిలకుంట్లలో జుర్రేరు చూసి బయలుదేరండి. ఆళ్ళగడ్డ మీద రుద్రవరం దాకా పోయి, పొలాలు ఆగిపోయి నల్లమల గోడలాగా లేచే చోట నిలబడి చూడండి. వాళ్ళు ఎక్కింది ఆ గోడనే. మనకు ఆడ బండి దారి లేదు గాబట్టి వెనక్కి నంద్యాల వచ్చి, ఘాట్ ఎక్కి గిద్దలూరు దిగండి. మధ్యాన్నం కంభం చెరువు గట్టు మీద సద్ది తినండి, అంత పెద్ద చెరువు మన పెద్దోళ్ళు ఎట్ల కట్టినారో అది ఇంకో పోస్టుకు సరిపోయే కథ. శక్తి ఉంటే మరుదినం సంజామల దిక్కు పేరుసోమల, నొస్సం. పిల్లోళ్ళను తీసుకపోండి. కోతులకు బిస్కెట్లు వేయొద్దని కూడా చెప్పండి, రోడ్డు మీదికి వచ్చి లారీల కింద పడతాన్నాయి.

చివరికి ఒక పని అప్పజెప్తా. కట్టుబడి మాన్యాలు అన్నీ 1846లోనే పోలేదు. 1850ల ఆఖర్లో ఇనాం కమిషన్ వచ్చి కొన్ని ఇండ్లకు శిస్తు వేసి పట్టాలు రాసిచ్చింది, 1959 కాదు, సరిగ్గా చదవండి, 1859లో కొత్త పోలీసు చట్టం వచ్చి ఊరి కావలి పాత పద్ధతి మూతపడింది. 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది. ఈ మూడు దెబ్బలు దాటుకోని కొన్ని పొలాలకు ఆ పేరు ఇంకా అంటుకోనే ఉంటుంది. కోయిలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ, చాగలమర్రి, దువ్వూరు, జమ్మలమడుగు, గిద్దలూరు దిక్కు మిత్రులు మీ ఇంట్లో ట్రంకుపెట్టె తీయండి. పాత దస్తావేజుల్లో, పాత అడంగళ్ళల్లో, లేదా ఇంట్లో ముసలోళ్ళు సేనును పిలిచే పేరులో కట్టుబడి అనే మాట ఉందేమో చూడండి. ఉంటే అది ఏ ఊరి పొలిమేరలోదో, మీ తాతల్లో ఎవరి పేరు మీద ఉండేదో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. మా పెద్దనాయన మా ఊరి తూర్పు సేనును బంట్లోని సేను అంటాండె. ఎందుకంటాండెనో ఆయన ఉన్నప్పుడు నేను అడగలేదు.